నాణెం ఎక్కిన ఓడ
సీమ నాణేల కథ: 6వ భాగం

పోయిన భాగం నాసిక్ దగ్గర ఆగింది. శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి, క్షహరాట వంశపు శక పాలకుడు నహపానుణ్ణి మట్టి కరిపించాడు. శత్రువు కొట్టించిన వెండి నాణేలను కరిగించి కొత్తవి పోయించే తీరిక కూడా లేనట్టు, వాటి మీదే తన ముద్ర గుద్దించాడు. 1906లో నాసిక్ దగ్గర జోగల్తెంబిలో 13 వేలకు పైగా నాణేలు ఒక్కచోట బయటపడితే, వాటిలో మూడింట రెండు వంతులకు మించి ఈ రెండో ముద్ర ఉంది. నహపానుడి మొహం మీద శాతకర్ణి గుర్తు. సంతలో ఆ నాణెం చేతికొచ్చిన ప్రతివాడికీ ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో చాటింపు లేకుండానే తెలిసిపోయింది.

గెలిచినవాడి కథ అక్కడితో అయింది. ఇప్పుడు ఆ గెలుపును నిలబెట్టుకోవాల్సి వచ్చిన కొడుకు దగ్గరికి వద్దాం.

వాసిష్ఠీపుత్ర పుళుమావి క్రీస్తుశకం రెండో శతాబ్దం వాడు. రాజధాని గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానం, అంటే ఇప్పటి పైఠాన్. ఈజిప్టులో కూర్చుని ప్రపంచపటం గీసిన టాలెమీకి కూడా ఇతని పేరు చేరింది. అంత దూరం పేరు పోవడానికి కారణం కత్తి కాదు, సరుకు. దక్కను నుంచి ఏం దొరుకుతుంది, ఏ రేవులో దొరుకుతుంది, ఆ రేవు ఎవరి చేతిలో ఉంది అన్నది రోము వర్తకుడికి అన్నం పెట్టే సమాచారం. రాజుల పేర్లు ఆ సమాచారం వెంబడి ఓడలెక్కి వెళ్లాయి.

తగవంతా రేవుల గురించే. పడమటి తీరంలో సోపారా, కల్యాణ్ శాతవాహనులవి. వాటికి ఉత్తరాన భరుకచ్ఛం, ఇప్పటి భరూచ్, శకులది. ఎర్రసముద్రం నుంచి వచ్చే ఓడ ఎక్కడ లంగరు దించితే అక్కడ సుంకం రాలుతుంది. ఒకటో శతాబ్దంలో పెరిప్లస్ అనే ఓడదారుల పుస్తకం రాసిన గ్రీకు వర్తకుడు ఈ రేవుల పోరు చూసినవాడే. కల్యాణ్ ఒకప్పుడు మంచి రేవేనట. చేతులు మారాక మాత్రం అక్కడికి పొరపాటున వచ్చిన గ్రీకు ఓడలను కాపలా పెట్టి మరీ భరూచ్‌కు తోలుకుపోతున్నారని రాశాడు. బస్టాండులో ప్రయాణికుణ్ణి రెక్క పట్టుకుని తమ బస్సెక్కించే ఏజెంట్లను చూసినవాళ్లకు ఈ వ్యాపారం కొత్తగా ఏమీ అనిపించదు.

గౌతమీపుత్రుడు ఆ తగవు తేల్చాడనుకున్నారు. తేలలేదు. నహపానుడి వంశం పోయినా కార్దమక శకులు లేచారు. వాళ్లలో రుద్రదాముడు క్రీ.శ. 150 నాటికి గుజరాత్‌లోని జునాగఢ్ బండ మీద తన ఘనత చెక్కించుకున్నాడు. దక్షిణాపథపతి శాతకర్ణిని రెండుసార్లు ఎదురెదురుగా ఓడించాననీ, దగ్గరి చుట్టరికం ఉంది కాబట్టి ప్రాణాలతో వదిలేశాననీ అందులో చెప్పుకున్నాడు. ఓడినవాడు పుళుమావియా, అతని తర్వాతివాడా అన్నది పండితుల మధ్య ఇంకా నలుగుతున్న ప్రశ్న. చుట్టరికం మాత్రం వట్టి మాట కాదు. కన్హేరి గుహల్లో ఒక శాసనం, వాసిష్ఠీపుత్ర శాతకర్ణి రాణి కార్దమక వంశపు మహాక్షత్రపుడి కూతురని చెబుతోంది. పిల్లనిచ్చిన చేత్తోనే రేవులు లాక్కున్నారన్నమాట. వియ్యానికి వియ్యమే, కయ్యానికి కయ్యమే.

పడమర తలుపు ఇలా సగం మూసుకుపోయేసరికి శాతవాహనులు తూర్పుకు తిరిగారు. తూర్పున కృష్ణ ఉంది. కృష్ణ సముద్రంలో కలిసే ప్రాంతాన్ని గ్రీకులు మైసోలియా అన్నారు. పెరిప్లస్ రచయిత అక్కడ సన్నని నూలుబట్ట పుష్కలంగా తయారవుతుందని రాసుకున్నాడు. టాలెమీ అక్కడి కంటకస్సీలను పేర్కొన్నాడు. అది మన ఘంటసాల. గాయకుడి ఇంటిపేరుగా తెలుగువాళ్ల నోట నానే ఆ ఊరు పద్దెనిమిది వందల ఏళ్ల కింద బర్మా, మలయా వైపు పోయే ఓడల దోవలో ఉన్న రేవు. ఆ తీరంలోనే ఒక చోటు నుంచి ఓడలు ఒడ్డు వదిలి, సూటిగా నడిసముద్రంలోకి, బంగారు భూమి వైపు తెరచాప ఎత్తుతాయని కూడా టాలెమీ రాశాడు. ఒడ్డు కనిపిస్తుండగా సాగే ప్రయాణం వేరు, ఒడ్డు వదిలేసి పోవడం వేరు. రెండోదానికి పెద్ద ఓడ కావాలి, చుక్కలు చూసి దిక్కు చెప్పగలవాడు కావాలి.

ఇంకొంచెం ఎగువన అమరావతిని ఆనుకుని ధరణికోట ఉంది. 1962 నుంచి 65 వరకు పురావస్తు శాఖ అక్కడ తవ్వితే నది నుంచి కోట దాకా తవ్విన కాలువ, దాని ఒడ్డున ఓడలు ఆనే రేవుకట్ట బయటపడ్డాయి. మొదట కర్రదుంగలతో కట్టారు, తర్వాత ఇటుకతో కట్టారు. ఓడ వస్తే సరుకు మెడ లోతు నీళ్లలో నెత్తిన మోసే పని లేకుండా కట్ట మీదికే దింపుకునే ఏర్పాటు అది. అంత కూలీ, అంత ఇటుక ఖర్చు పెట్టారంటే రాబడి ఏ పాటిదో ఊహించవచ్చు.

ఈ తీరంలోనే ఓడ నాణెం ఎక్కింది.

చిన్న సీసపు బిళ్ల. ఒకవైపు నిండా ఓడ. ఒళ్లు గుండ్రంగా, రెండు కొనలూ పైకి లేచి ఉంటుంది. రెండు కొయ్యలు నిలువుగా నిలబడి ఉంటాయి. వాటి తలల నుంచి కిందికి బిగలాగి కట్టిన తాళ్లు కూడా గీతల్లో కనిపిస్తాయి. వెనక కొసన చుక్కాని తెడ్డు. కొన్ని రకాల మీద ఓడ కింద చేప, శంఖం ఉన్నాయి, ఇది నీళ్ల మీద ఉందిరా అని చెప్పడానికి. చుట్టూ రాజు పేరు ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో. రెండోవైపు నాలుగు వృత్తాలను అడ్డంగా నిలువుగా కలిపే గుర్తు, ఉజ్జయిని గుర్తు అంటారు. అచ్చు చెక్కినవాడు ఓడను దూరం నుంచి చూసి ఊహించి గీసినవాడు కాడు. ఏ తాడు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో ఎరిగిన చెయ్యి అది.

దీన్ని లోకానికి చూపినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది వాల్టర్ ఇలియట్‌ను. మద్రాసు సివిల్ సర్వీసు దొర, 1845లో అమరావతి స్తూపాన్ని తవ్వించినవాడు. చిత్తునాణేలంటే పిచ్చి. బంగారం వెంట పడేవాళ్లు అందరూ ఉంటారు. సముద్రపు ఇసుకలో దొరికే అరిగిపోయిన సీసపు ముక్కల కోసం జాలరుల దగ్గరికి మనిషిని పంపేవాళ్లు అరుదు. మద్రాసుకూ కడలూరుకూ మధ్య తీరంలో దొరికిన ఓడ నాణేలను ఆయన తన దక్షిణ భారత నాణేల పుస్తకంలో కురుంబరులవో పల్లవులవో అని రాశాడు. తప్పు పట్టలేం. వాటి మీద అక్షరాలు దాదాపు చెరిగిపోయి ఉన్నాయి. 1908లో బ్రిటిష్ మ్యూజియం నాణేల జాబితా తయారుచేసిన రాప్సన్ ఆ మిగిలిన గీతల్లో పుళుమావి పేరు చదివాడు. మన బడిపుస్తకాలు మాత్రం తరతరాలుగా ఓడ నాణెం అనగానే యజ్ఞశ్రీ శాతకర్ణి పేరే చెప్పిస్తాయి, పరీక్షలో అదే రాస్తే మార్కు పడుతుంది. యజ్ఞశ్రీ ఓడ నాణేలూ ఉన్నాయి. అయితే మొదలుపెట్టిన ఘనత పుళుమావికి ఇవ్వడమే న్యాయమని నా ఉద్దేశం. రేవులు పోయిన దెబ్బ తిన్నది ఆ తరమే. తూర్పున కొత్తగా జెండా పాతాల్సిన అగత్యం కూడా ఆ తరానిదే.

సీసమే ఎందుకు? అదీ ఆలోచించాల్సిందే. రోములో ప్లినీ అనే పెద్దమనిషి, భారతదేశానికి రాగీ లేదు సీసమూ లేదు, ముత్యాలూ రత్నాలూ ఇచ్చి మా దగ్గర కొనుక్కుంటారు అని రాసిపెట్టాడు. పెరిప్లస్‌లో దిగుమతుల పట్టీలో సీసం ఉన్నది నిజమే. కానీ ప్లినీ మన కడప కొండలు చూడలేదు. జంగమరాజుపల్లె దగ్గర సీసపు ఖనిజం ఉంది, పల్నాడు వైపు అగ్నిగుండాలలో ఉంది, ఈ రెండు చోట్లా పాతకాలపు తవ్వకాల గుర్తులున్నాయి. ఆ గుంటల్లోని సీసం ఏ శతాబ్దంలో ఏ టంకసాలకు చేరిందో గుంటలు చెప్పవు. తెలుగు నేల మీద శాతవాహనులు ఇంత ధారాళంగా సీసపు నాణేలు వాడటానికి ఓడ మీద వచ్చిన సరుకు ఒక్కటే కారణం కాదనుకోవడానికి మాత్రం అవి చాలు. పైగా సీసంతో పని తేలిక. 327 డిగ్రీలకే కరుగుతుంది, వంటపొయ్యి లాంటి మంట చాలు. మెత్తన కాబట్టి అచ్చు బాగా పడుతుంది. మెత్తన కాబట్టే తొందరగా అరుగుతుంది కూడా. ఇలియట్‌ను తికమక పెట్టింది ఆ అరుగుడే.

ఇప్పుడు కాస్త పక్కదోవ. నౌకాదళంలో పనిచేసే సీమ కుర్రవాళ్లు సెలవుకు ఇంటికొచ్చినప్పుడు జేబులోంచి ఒక బరువైన లోహపు బిళ్ల తీసి చూపించడం ఈమధ్య మామూలైంది. చాలెంజ్ కాయిన్ అంటారు. ఒకవైపు వాళ్ల ఓడ చిహ్నం, ఇంకోవైపు ఓడ బొమ్మో నినాదమో. అమెరికా సైన్యంలో పెరిగి లోకమంతా పాకిన అలవాటు అది. అక్కడ నలుగురు కూర్చున్నచోట ఒకడు తన బిళ్ల బల్ల మీద కొట్టి సవాలు విసిరితే, తన బిళ్ల జేబులో లేనివాడు అందరి తాగుడు ఖర్చూ పెట్టుకోవాలి. ఓడ జలప్రవేశానికీ, అధికారి బదిలీకీ, పాత ఓడ సెలవు తీసుకునే రోజుకూ ఇలాంటివి ప్రత్యేకంగా పోయిస్తారు. 2021 నవంబర్ 21న మన విశాఖ పేరు పెట్టుకున్న ఐఎన్ఎస్ విశాఖపట్నం ముంబైలో నౌకాదళంలో చేరింది. ఓడ పేరు, ఓడ చిహ్నం, అందులో ఎక్కిన మనుషుల గర్వం ఒక్క బిళ్లలో ఇమిడే కాలం ఇది.

ఆ బిళ్లతో టీ నీళ్లు కూడా రావు. దాని విలువంతా ఎవరి చేతి నుంచి వచ్చిందన్న దాంట్లో ఉంది. పుళుమావి బిళ్ల సరిగ్గా దీనికి తిరగేసి. దానితో దినుసులు వస్తాయి, కానీ అది ఏ ఓడో దాని మీద లేదు. నడిపినవాడు ఎవడో లేదు. రాజు పేరొక్కటే ఉంది. ఆ ఓడ ఎక్కి తిరిగిరాని వాళ్ల పేర్లు గుర్తుపెట్టుకోవడం టంకసాల పని కాదు. అందుకని దాన్ని స్మారక నాణెం అని కొందరు గట్టిగా అంటుంటే నాకు పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. రాజు ఓడను గౌరవించలేదు, ఓడను తన ఖాతాలో వేసుకున్నాడు. ఈ తీరం నాది, ఇక్కడ సుంకం నాది అని చెప్పడానికి ఇంతకంటే చవకైన దండోరా ఉండదు.

ఓడమనిషి పేరు కావాలంటే రాళ్ల దగ్గరికి పోవాలి. ఘంటసాల శాసనాల్లో ఒకదానిలో మహానావికుడు శివకుడు కనిపిస్తాడు. బౌద్ధారామానికి దానం చేసినవాళ్ల మధ్య ఒక ఓడదొర పేరు. ఆనాటి నావికుల్లో మనకు పేరు పెట్టి పిలవగలిగేవాళ్లు ఎంతమంది గనక? మహానావికుడంటే ఒంటరిగా పడవ నడిపేవాడు కాడు, కింద మనుషులున్నవాడు. తెడ్డు పట్టేవాళ్లు, తెరచాప లాగేవాళ్లు, చీలికల్లో నీళ్లు తోడిపోసేవాళ్లు. తూర్పు తీరంలో మేకులు లేకుండా పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టి మసూలా పడవలు కట్టడం మొన్నమొన్నటి దాకా ఉన్న విద్య. కుట్టిన పడవ అలకు వంగుతుంది, విరగదు. కాకపోతే నీరు ఊరుతుంది, తోడేవాడు నిద్రపోకూడదు. శివకుడు రాతి మీద తన పేరు ఒక్కటే చెక్కించుకున్నాడు. తోడినవాళ్ల సంగతి అక్కడా లేదు.

మరి ఓడ బొమ్మ బిళ్ల ఎవరి చేతుల్లో తిరిగింది? సీసం బిళ్ల చిల్లర డబ్బు. వెండి నాణెం షావుకారిది, సీసపు నాణెం కూలివాడిది. రేవుకట్ట మీద మూట దించినవాడు, నూలు బేళ్లు లెక్కపెట్టినవాడు, చేపలమ్మి, కల్లు పోసేవాడు, గాలి మారేదాకా రేవులో నెలల తరబడి పడి ఉండే ఓడవాళ్లకు వండిపెట్టే పూటకూళ్ల ఇల్లు, వీళ్ల మధ్య తిరిగి ఉంటుంది. ఇది నా ఊహే. కానీ దొరికినవి ఎక్కువగా తీరం వెంబడే దొరకడం ఈ ఊహకు బలం. ఓడను ఎరిగిన చోటే ఓడ బొమ్మ చెల్లింది.

ఇక మన సీమ మాట. కోయిలకుంట్లలో ఖజానా అనగానే 1846 జూలైలో దాని మీద పడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గుర్తొస్తాడు. ఆ కథకు ఈ ధారావాహికలో వేరే భాగం ఉంది, తొందరపడొద్దు. అంతకు పదిహేడు వందల ఏళ్ల ముందు ఈ కుందూ ఒడ్డు నల్లరేగడిలో డబ్బు అంటే ఏమిటి? కుందూ కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది, పెన్న నెల్లూరు దాటి సముద్రంలో పడుతుంది. మన నీళ్లు సముద్రం చూస్తాయి గానీ ఓడలు ఇటు ఎక్కి రాలేవు. ఓడ బొమ్మ బిళ్లలు కూడా రాలేదనే అనుకోవాలి. సీసానికి సొంత వెల తక్కువ, రాజు మాట చెల్లినంత దూరమే అది చెల్లుతుంది.

బంగారం అలా కాదు. 1932లో నంద్యాలలో 50కి పైగా రోమన్ బంగారు నాణేలు ఒక్కచోట దొరికాయి. మొదటివి తైబీరియస్ చక్రవర్తివి, చివరివి ఆంటోనినస్ పయస్‌వి. ఈ చివరాయన రోమును ఏలింది 138 నుంచి 161 వరకు. అంటే పుళుమావీ, రుద్రదాముడూ రేవుల కోసం కొట్టుకుంటున్న సరిగ్గా ఆ రోజుల్లోనే రోములో అచ్చైన బంగారం ఏదో ఓడ దిగి, ఏదో బండెక్కి, నల్లమలో ఎర్రమలో దాటి కుందూ లోయకు చేరి, ఒకడి ముంతలో పడింది. ఏం అమ్మి సంపాదించాడో, ఎవరికి భయపడి పూడ్చాడో, ఎందుకు తిరిగి తీసుకోలేకపోయాడో. ఒక్కో నాణెం ఏడు గ్రాములకు పైబడిన మేలిమి. దాని మీద ఎవరి మొహం ఉందన్నది ఇక్కడ ఎవరికీ పట్టలేదు, త్రాసులో పెట్టి చూసుకున్నారు. తీరంలో రాజు పేరుతో చెల్లిన సీసం తీరంలోనే ఆగిపోయింది, ఎవరి పేరూ అక్కర్లేని బంగారం మాత్రం కొండలు దాటి వచ్చింది.

పుళుమావి అధికారం సీమలో లేదని దీనర్థం కాదు. ఉంది, కాకపోతే దాని ముఖం వేరు. ఒకప్పుడు బళ్ళారి జిల్లాలో, ఇప్పుడు కర్నూలు జిల్లాలో ఉన్న ఆదోని ప్రాంతంలో మ్యాకదోని అనే ఊరుంది. అక్కడ ఒక బండ మీద శ్రీపుళుమావి ఎనిమిదో పాలనా సంవత్సరపు శాసనం ఉంది. ఈ పుళుమావి మనం చెప్పుకుంటున్నవాడేనా, ఆ పేరే పెట్టుకున్న వంశపు చివరివాడా అంటే చాలామంది రెండోవాడి వైపే మొగ్గుతున్నారు. అందులో ఉన్న సంగతి నాకు ముఖ్యం. మహాసేనాపతి స్కందనాగుడి పాలనలోని సాతవాహని హారంలో (హారం అంటే జిల్లా లాంటిది), గుల్మికుడు అనే అధికారి కుమారదత్తుడి ఊరు వేపురకలో, సాంబుడు అనే గృహపతి చెరువు తవ్వించాడు. అంతే. గెలుపోటములు లేవు, ఓడలు లేవు. ఒక సంసారి, ఒక చెరువు, పైన వరసగా ఇద్దరు అధికారులు, ఆపైన రాజు.

ఇందులో ఎవరు ఖర్చు పెట్టారో చూడండి. ధరణికోట కట్టకు రాబడి ఉంది, కోట ఉంది, అండ ఉంది. సీమలో చెరువు తవ్వించింది రాజు కాదు, సేనాపతి కాదు, ఊళ్లో ఉన్న ఒక రైతు పెద్ద. అధికారుల పేర్లు మాత్రం అందరివీ ఎక్కాయి. నీళ్ల దగ్గర సీమవాడి గతి అప్పుడే ఇలా ఉందా అనిపిస్తుంది, ఈ జిల్లాల్లో పుట్టినవాడికి అనిపించకుండా ఎలా ఉంటుంది?

తుంగభద్ర ఒడ్డున శాతానికోటలో 1977 తర్వాత జరిగిన తవ్వకాల్లో శాతవాహనుల నాటి కోటగోడ, కందకం బయటపడ్డాయి. అంటే కృష్ణా తీరంలోకి దిగే దారిని కాపాడే ఠాణాలు మన జిల్లాల్లోనూ ఉన్నాయి. ఆ ఠాణాల్లో కూర్చున్న సేనాపతులే ముందు ముందు కథానాయకులు అవుతారు.

యజ్ఞశ్రీ శాతకర్ణి వచ్చేసరికి వంశానికి చివరి వెలుగు. బాపట్ల జిల్లా చినగంజాంలో అతని 27వ ఏటి శాసనం దొరికింది, సముద్రానికి కూతవేటు దూరంలో. అంతకాలం ఏలినవాడు, ఓడ బొమ్మను వదలనివాడు. అతని తర్వాత సింహాసనం మీద పేర్లు మారుతున్నాయి గానీ బరువు తగ్గిపోయింది. పైఠాన్ నుంచి వచ్చే మాట కృష్ణ దాటేలోపే చల్లారుతోంది. మ్యాకదోని బండ మీద స్కందనాగుడికి దొరికిన చోటు గమనించారా? రాజు పేరు తర్వాత మొదటి పేరు అతనిదే.

మూడో శతాబ్దంలో ఇలాంటివాళ్లు రాజు పేరు వెనక నిలబడటం మానేస్తారు. శ్రీశైలం జలాశయం కింద మునిగిపోకముందు కృష్ణ ఒడ్డున వీరాపురంలో తవ్వితే సీసపు నాణేలు బయటపడ్డాయి, వాటి మీద ఉన్న పేర్లు రాజులవి కావు, మహారథి బిరుదున్న సామంతులవి. పైఠాన్‌ను అడగకుండా సొంత టంకసాల పెట్టుకోవడానికి ఈ మహారథులకు ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చింది, దిగువన విజయపురిలో కొత్తగా తల ఎత్తుతున్న ఇక్ష్వాకులతో వాళ్ల లావాదేవీలేమిటి అన్నది వచ్చే భాగంలో.